మా బాపు కేసు ఏ గడిలో పడింది

హనుమకొండలో కోర్టు దగ్గర నాకు చిన్న డీటీపీ సెంటర్ ఉంది. జిరాక్సులు, అఫిడవిట్లు, పోలీస్ స్టేషన్‌కు ఇచ్చే దరఖాస్తులు రోజుకు పది దాకా టైపు చేస్తాను. "గౌరవనీయులైన స్టేషన్ హౌస్ ఆఫీసర్ గారికి" అన్న లైను కళ్లు మూసుకుని కొట్టగలను. అలాంటి నేనే మా బాపు దరఖాస్తు తప్పు రాశాను. అది దిద్దుకోవడానికి ఇరవై రోజులు పట్టింది. ఇంకెవరికైనా పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

2025 ఫిబ్రవరి 11, మంగళవారం. మా ఊరు హనుమకొండకు నలభై కిలోమీటర్ల దూరం, ఎస్సారెస్పీ కాలువ కింద. యాసంగిలో నీళ్లు వంతుల మీద వస్తాయి. వంతు తప్పిందంటే మళ్లీ నీళ్ల మొహం ఎప్పుడు చూస్తామో తెలియదు. బాపుకు ఎకరంన్నర మక్క. అప్పుడే కంకులు పాలు పోసుకుంటున్నాయి. పొద్దున ఆరున్నరకు తూం దగ్గరికి పైపొలం అతను వచ్చాడు, వయసులో నాకంటే చిన్నవాడు. వంతు తనదన్నాడు. మాటకు మాట పెరిగింది. బాపు ఇంటికి పోతానంటే దారికి అడ్డం నిలబడి, మా కులం పేరు పెట్టి ఒక మాట అన్నాడు. తర్వాత చేతిలోని పార కామతో, అంటే దాని కర్ర పిడితో, ఎడమ మణికట్టు మీద కొట్టాడు. మిర్చి ఏరడానికి పోతున్న ముగ్గురు ఆడవాళ్లు, గొర్లు తోలుకుపోతున్న ఒకాయన అక్కడే ఉన్నారు.

బాపుకు 62 ఏళ్లు. ముందు ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి పోయి "గట్టు మీద జారి పడ్డ" అని చెప్పాడట. కూలోళ్ల దగ్గర విషయం విని అమ్మ నాకు ఫోన్ చేసింది. ఏమన్నాడని అడిగితే "అనరాని మాట అన్నడు బిడ్డా" అంది. ఆ మాట ఆమె నోట రాలేదు. నేనూ రెట్టించి అడగలేదు. షాపులోనే కూర్చుని దరఖాస్తు కొట్టాను: "దారికి అడ్డగించి, నోటికొచ్చినట్లు బూతులు తిట్టి, పార కామతో కొట్టి, చంపుతానని బెదిరించినాడు." రోజూ కొట్టే వాక్యమే, పేర్లు మార్చాను, అంతే. ప్రింటు తీసుకుని బస్సెక్కాను.

మధ్యాహ్నానికి బాపును తీసుకుని స్టేషన్‌కు పోయాం. మర్నాటి నుంచి మేడారం మినీ జాతర. సగం మంది బందోబస్తుకు పోయారు. బల్ల దగ్గర రైటర్ ఒక్కడే ఉన్నాడు. చదివి, "ఇది నీళ్ల పంచాయతీ కదమ్మా, ఇరిగేషన్ వాళ్లకు చెప్పుకోవాలె" అన్నాడు. బాపు చేయి చూశాక కాస్త మెత్తబడ్డాడు. దరఖాస్తు తీసుకుని రశీదు ఇచ్చాడు. ఆ రశీదును ఎఫ్‌ఐఆర్ అనుకుని జేబులో పెట్టుకుని పోయే వాళ్లను నా షాపులో ఎంతమందిని చూశానో. రశీదు అంటే మీ కాగితం వాళ్లకు చేరిందని మాత్రమే. కేసు అయ్యిందని కాదు.

హోంగార్డును తోడిచ్చి, మెమో రాసి ఆసుపత్రికి పంపారు. డ్యూటీ డాక్టర్ "ఎట్ల తగిలింది?" అని అడిగింది. బాపు నా వైపు చూశాడు. మళ్లీ "జారి పడ్డ" అంటాడేమోనని నేనే చెప్పబోయాను. "నేను అడిగింది ఆయనను" అంది డాక్టర్. బాపు కాసేపు ఆగి "కొట్టిండమ్మా" అన్నాడు. ఆ ఒక్క ముక్క మెడికో లీగల్ రిజిస్టర్‌లో పడింది. అక్కడ కూడా జారి పడ్డానని ఉంటే మిగతా కథ అంతా ఉత్తదే అయ్యేది. ఎక్స్‌రే తీశారు, పిండికట్టు వేశారు. సర్టిఫికెట్ తర్వాత స్టేషన్‌కే పంపిస్తామన్నారు.

తర్వాతి రెండు రోజులు పెద్దమనుషులవి. ఇరవై వేలు దవాఖాన ఖర్చులకు ఇప్పిస్తాం, రాజీ పడండన్నారు. బాపు ఒక్కటే అడిగాడు: "ఆయన వస్తడా?" ఆయన రాడట, డబ్బులు వస్తాయట. అక్కడికి ఆ ముచ్చట ఒడిసింది.

ఫిబ్రవరి 14, శుక్రవారం ఎఫ్‌ఐఆర్ అయ్యిందని ఫోన్ వచ్చింది. కాపీ ఉచితంగా ఇచ్చారు, ఇవ్వాలి కూడా. పాత శిక్షాస్మృతి (ఐపీసీ) స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని నాలుగు సెక్షన్లు ఉన్నాయి: 126(2) అడ్డగించడం, 115(2) దెబ్బ, 352 రెచ్చగొట్టే తిట్టు, 351(2) బెదిరింపు. తమాషా ఏమిటంటే, కొట్టిన సెక్షన్ 115(2) ఒక్కటే ఉంటే కోర్టు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయడానికి లేదు. "దారికి అడ్డగించి" అన్న మాట వల్ల 126(2) వచ్చింది, దానితో కేసు నిలబడింది. రోజూ అలవాటుగా కొట్టే ఆ మాటకు ఇంత బలం ఉందని అప్పటిదాకా నాకు తెలియదు.

ఇంకో సంగతి. మా క్రైమ్ నంబరు పక్క నంబరే అవతలి అతను బాపు మీద పెట్టిన కౌంటర్ కేసు. మా బాపు పారతో ఆయనను కొట్టబోయాడట. ఊళ్లల్లో ఇది మామూలే అని లాయర్ అన్నాడు. మామూలే కావచ్చు. పిండికట్టు వేసుకున్న మనిషి పేరు నిందితుడి గడిలో చూస్తే కడుపులో దేవినట్టయింది.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఎఫ్‌ఐఆర్‌లో ఎక్కడా లేదు. షాపుకు వచ్చే లాయర్ ఒకాయనకు కోపంగా కాగితాలు చూపించాను. ఆయన కళ్లద్దాలు పైకి తోసి చదివి, మెల్లగా అన్నాడు: "ఇందులో కులం అన్న మాటే లేదు కదమ్మా. వాళ్లు ఎక్కణ్నుంచి పెడతరు?"

నిజమే. ఆ మాట లేకుండా రాసింది నేనే.

రెండో దరఖాస్తులో ఏమేం ఉండాలో ఆయనే చెప్పాడు. అన్న మాట అన్నట్టుగా ఉండాలి, "కులం పేరుతో దూషించాడు" అంటే చాలదు. ఎక్కడ అన్నాడు, ఎవరెవరు విన్నారు, మన కులం అవతలి అతనికి ముందే తెలుసా, అతనిది ఏ కులం, ఇవన్నీ రాయాలి. ఎస్సీని కావాలని అవమానిస్తే 3(1)(ఆర్), కులం పేరుతో తిడితే 3(1)(ఎస్). ఈ సెక్షన్లకు ఆ అవమానం నలుగురికీ కనబడే, వినబడే చోట జరిగి ఉండాలి. నాలుగు గోడల మధ్య, బయటివాళ్లు ఎవరూ లేనప్పుడు అన్న మాటకు ఆ సెక్షన్ రాదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. మాది కాలువ గట్టు, విన్నది చుట్టాలు కాదు, కాబట్టి ఆ చిక్కు లేదన్నాడు.

ఆదివారం ఊరికి పోయాను. రాత్రి తిన్నాక బాపును అడిగాను. ఆయన లేచి తలుపు దగ్గరికేసి వచ్చి మంచం మీద కూర్చున్నాడు. గోడకున్న క్యాలెండర్ వైపు చూస్తూ, నా వైపు తిరగకుండా చెప్పాడు. ఆ మాట నాకు కొత్త కాదు, బడిలో వినే ఉన్నాను. బాపు గొంతులో వినడం అదే మొదటిసారి. ఫోన్‌లో టైపు చేస్తుంటే "రాసినవా? ఏదీ, మల్ల చదువు" అన్నాడు. చదవలేకపోయాను, చూపించాను. బాపుకు చదువు రాదు. అయినా అక్షరాల వైపు చానాసేపు చూశాడు. ఆ మాట ఇక్కడ రాయను. పోలీసు కాగితాల్లో ఉంది, చాలు.

ఫిబ్రవరి 17, సోమవారం స్టేషన్‌లో ఇస్తే "విచారణ చేసి చూస్తం" అన్నారు. ఈ చట్టం కింద ఎఫ్‌ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదని 2018 సవరణతో వచ్చిన 18-ఏ సెక్షన్ చెబుతుంది. లాయర్ ఆ లైను దరఖాస్తు చివర పెట్టించాడు. స్టేషన్ ముద్ర వేయలేదు కాబట్టి అదే రోజు పై అధికారికి రిజిస్టర్డ్ పోస్టులో ఇంకో కాపీ పంపాను. చేరినట్టు సంతకమైన అక్‌నాలెడ్జ్‌మెంట్ కార్డు నాలుగో రోజు తిరిగి వచ్చింది. దాన్ని ఇప్పటికీ ఫైల్లో మొదటి పేజీగా ఉంచాను.

22న ఎస్సై పిలిచాడు. ఉన్నమాట చెప్పాలి, మర్యాదగా మాట్లాడాడు, బాపుకు కుర్చీ వేయించాడు. ఆయన వాదన ఆయనకుంది: "గొడవ నీళ్ల కోసం. ఇద్దరిదీ ఒకటే కులమైనా ఈ గొడవ అయ్యేదే కదా. మరి ఇది కులం కేసు ఎట్లయితది?" నాకు అప్పుడు జవాబు తట్టలేదు. తిరిగొస్తుంటే బస్సులో తట్టింది. గొడవ అయ్యేదే, దెబ్బ కూడా పడేదేమో. ఆ మాట మాత్రం వచ్చేది కాదు. జవాబులన్నీ నాకు బస్సులోనే తడతాయి.

బాపు ఆయన ముందు మళ్లీ చెప్పాడు. పక్కన కానిస్టేబుల్ రాసుకుంటూ "ఇంకోసారి చెప్పు పెద్దాయనా, స్పెల్లింగ్ సరిగ్గ రావాలె" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు.

తర్వాత శివరాత్రి, 27న టీచర్ ఎమ్మెల్సీ పోలింగ్. స్టేషన్‌కు పోయినప్పుడల్లా బందోబస్తు అనే మాటే. మార్చి 3న అడిగితే సెక్షన్లు మారుస్తూ కోర్టుకు మెమో పంపామన్నారు. 3(1)(ఆర్), 3(1)(ఎస్), 3(2)(వీఏ) కలిపారు. చివరిది, ఎస్సీ అని తెలిసి దెబ్బ, బెదిరింపు లాంటి నేరం చేసినందుకు. ఇది ఎవరూ ఫోన్ చేసి చెప్పరు. మనమే పోయి అడగాలి, మెమో కాపీ తెచ్చుకోవాలి. ఈ చట్టం పడగానే దర్యాప్తు ఎస్సై చేతిలో ఉండదు. డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి చేయాలి. కమిషనరేట్‌లో అంటే ఏసీపీ.

మార్చి 6న ఏసీపీ తూం దగ్గరికి వచ్చాడు. రెండు జీపులు చూసి ఊరు సగం గట్టు మీదికొచ్చింది. అంత మందిలో బాపు మళ్లీ చెప్పాలి. ఏసీపీ జనాన్ని దూరం పంపించాడు గానీ గాలి అటే వీస్తోంది. ముగ్గురు కూలీల్లో ఇద్దరు "మాకేం వినపడలే" అన్నారు. గొర్లాయన "కొట్టుడు చూసిన, మాట ఇనలే" అన్నాడు. మూడో ఆమె, అందరికంటే పెద్దావిడ, మా కులం కూడా కాదు, కొంగు నడుముకు దోపుకుని అక్షరం పొల్లుపోకుండా చెప్పింది. ఆ తర్వాత నెల రోజులు ఆమెను ఆ వైపు పొలాలకు కూలికి పిలవలేదని అమ్మ చెప్పింది.

కులం ధ్రువీకరణ ఇంకో పని. మాదీ, అవతలి వాళ్లదీ కులం ఏమిటో చెప్పమని పోలీసులే తహసీల్దారుకు రాస్తారు. అయినా బాపు పాత సర్టిఫికెట్ మీద ఇంటిపేరు ఒక అక్షరం తేడా ఉంటే మీసేవలో కొత్తది తీసుకున్నాం. 45 రూపాయలు, తొమ్మిది రోజులు.

మార్చి 12న గాయం సర్టిఫికెట్ స్టేషన్‌కు చేరింది. ఎముక చిట్లింది కాబట్టి "గ్రీవస్". ఎముక విరిగినా చిట్లినా చట్టంలో అది తీవ్ర గాయమే. 115(2) పోయి 117(2) వచ్చింది, ఏడేళ్ల దాకా శిక్ష ఉన్నది. పార కామను ఆయుధం అనొచ్చా అని లాయర్లు ఇద్దరు నా షాపు ముందే అరగంట వాదించుకున్నారు, అది తేలలేదు. నాకు మాత్రం ఆ రోజు సంతోషంగా అనిపించింది. పెద్ద సెక్షన్ పడింది అనుకున్నాను.

అవతలి అతన్ని అరెస్టు చేయలేదు. ఏడేళ్లకు మించని శిక్ష ఉన్న కేసు కాబట్టి, పిలిచినప్పుడు రావాలని నాగరిక్ సురక్షా సంహిత 35(3) కింద నోటీసు ఇచ్చి పంపారు. ఇది చాలామందికి తెలియదు, కేసు పెడితే జైలు అనుకుంటారు. మర్నాడు ఊళ్లో హోటల్ ముందు టీ తాగుతూ కనిపించాడు. బాపు పొలానికి చెరువు కట్ట మీదుగా చుట్టు తిరిగి పోవడం మొదలుపెట్టాడు. ఎందుకని అడిగితే "అటు నీడ ఉన్నది" అన్నాడు. ఆ కట్ట మీద చెట్టే లేదు.

ఏప్రిల్‌లో మేజిస్ట్రేట్ దగ్గర వాంగ్మూలం. బాపు ఆ మాట చెప్పడం అది ఐదోసారి: నాకు, ఎస్సై దగ్గర రెండుసార్లు, గట్టు మీద, మేజిస్ట్రేట్‌కు. ప్రతిసారీ గొంతు ఒకేలా తగ్గేది. దర్యాప్తు అరవై రోజుల్లో ముగించి చార్జిషీట్ వేయాలని రూల్సులో ఉంది. మాకు మే 28న వేశారు. ఎస్సీ అభివృద్ధి శాఖ ద్వారా వచ్చే పరిహారం తొలి విడత ఆగస్టులో బ్యాంకులో పడింది. దూషణ సెక్షన్లకు మొత్తం లక్ష అని లాయర్ చెప్పాడు. ఎఫ్‌ఐఆర్ దశలో పావు వంతు, చార్జిషీట్ తర్వాత సగం, శిక్ష పడితే మిగతాది. కౌంటర్ కేసును జూలైలో మూసేశారు.

జూన్ 16న కాగితాల కోసం స్టేషన్‌కు పోయాను. క్రైమ్ రైటర్ నెలవారీ స్టేట్‌మెంట్ తయారు చేస్తున్నాడు. నా పని డీటీపీయే కదా, ఎక్సెల్ షీట్‌లో ఏదో ఫార్ములా తప్పుతుంటే సరిచేసి ఇచ్చాను. ఆ చనువుతో, మా కేసు ఇందులో ఎక్కడుంటుంది అని అడిగాను.

"ఫిబ్రవరిల మామూలు దెబ్బల కేసమ్మా. సెక్షన్ మారినంక మార్చిల ఎస్సీ కేసుల్లకు తెచ్చినం."

"ఎస్సీ కేసుల్లో ఏ కింద? తిట్టిన దాని కిందనా?"

"కాదు, తీవ్ర గాయం కింద. ఒక కేసుకు ఒకటే గడి. ఎన్ని సెక్షన్లున్నా పెద్ద శిక్ష దేనికుంటే అదే లెక్క."

ఇంటికొచ్చి జాతీయ నేర నమోదు సంస్థ ఏటా వేసే 'క్రైమ్ ఇన్ ఇండియా' రిపోర్టు డౌన్‌లోడ్ చేసుకుని చదివాను. క్రైమ్ రైటర్ చెప్పిందే అందులో ముందుమాటలో ఉంది. ప్రధాన నేరం నియమం అంటారు, ఒక ఎఫ్‌ఐఆర్‌లో అన్నిటికంటే పెద్ద నేరం ఒక్కటే లెక్కకు వస్తుంది. ఎస్సీలపై నేరాల పట్టికలో కూడా శిక్షాస్మృతి సెక్షన్లతో కలిసిన కేసులు ఒక వైపు హత్య, తీవ్ర గాయం, మామూలు గాయం అని ఉంటాయి. ఆ చట్టం ఒక్కటే పడిన కేసులు ఇంకో వైపు ఉంటాయి. కావాలని అవమానించడం అనే గడి ఆ రెండో వైపుది. బాపు ఎముక చిట్లకుండా, దెబ్బే పడకుండా, సంహిత సెక్షన్ ఏదీ లేకుండా ఉంటే ఆ మాటకు ఒక గడి దొరికేది. ఎముక చిట్లింది కాబట్టి ఎముక లెక్కలోకి పోయింది, మాట పోలేదు.

2022లో దేశమంతా కలిపి ఎస్సీలపై నేరాల కింద 57,582 కేసులు, అంతకు ముందేడు 50,900. ఇదివరకు ఇలాంటి అంకెలు పేపర్లో వస్తే పెరిగాయనో తగ్గాయనో చూసి పేజీ తిప్పేదాన్ని. ఇప్పుడు వేరేగా కనిపిస్తున్నాయి. మా కేసు ఫిబ్రవరి 14 నుంచి మార్చి 3 దాకా అసలు ఆ పట్టికలోకి వచ్చేది కాదు. నేను ఊరుకుని ఉంటే ఎప్పటికీ వచ్చేది కాదు. ఇంకా, మా బాపు ఆ ఏడాది లెక్కల్లో రెండు చోట్ల ఉంటాడు, ఒక చోట బాధితుడు, ఒక చోట నిందితుడు. కౌంటర్ కేసు మూసేసినా అది ఆ ఏడు నమోదైన కేసే.

షాపుకు ప్రింట్ల కోసం వచ్చే లా స్టూడెంట్ ఒకడు "అక్కా, ఇది హేట్ క్రైమ్ కదా, అట్ల వేయమని అడగాల్సింది" అన్నాడు. అడగడానికి మన దగ్గర ఆ పేరుతో గడే లేదు. నేర నమోదు సంస్థ 2017కు విద్వేష నేరాలు, మూకదాడుల వివరాలు సేకరించింది గానీ, నమ్మదగినట్టు లేవని ఆపేశామని కేంద్రం 2021లో పార్లమెంటులో చెప్పింది. కొత్త సంహితలో కులం, భాష, వ్యక్తిగత విశ్వాసం లాంటి కారణాలతో ఐదుగురు అంతకంటే ఎక్కువ మంది కలిసి చంపితే 103(2), తీవ్రంగా గాయపరిస్తే 117(4) ఉన్నాయి. మా బాపును కొట్టింది ఒక్కడే. ఐదుగురు కాకపోవడం మా అదృష్టమో ఏమో, సెక్షన్ మాత్రం రాదు.

ఖర్చు ఇప్పటికి పద్నాలుగు వేల ఆరు వందలు. లాయర్ ఫీజు పెద్దగా తీసుకోలేదు, అందులో ఎక్కువ భాగం ఆటోలు, బాపు మందులు, కూలి పోగొట్టుకున్న రోజులవి. నాకు బస్సు ఉచితం కాబట్టి తిరగ్గలిగాను, బాపుకు మాత్రం ప్రతిసారీ టికెట్టే. బాధితులకూ సాక్షులకూ ప్రయాణ ఖర్చులు ఇవ్వాలని రూల్సులో ఉందని తర్వాత తెలిసింది, పోయిన టికెట్లు మళ్లీ దొరకవు కదా. మక్కకు ఒక తడి తప్పింది. చేను సగం తాలు పోయింది. ఆ నష్టానికి ఏ సెక్షనూ లేదు.

షాపులో ఒకటి మార్చుకున్నాను. ఇలాంటి దరఖాస్తు కోసం ఎవరైనా వస్తే జిరాక్సు గిరాకీని కాసేపు బయట ఉండమని, షట్టర్ సగం దించుతాను. ఏమన్నాడో అన్నట్టు చెప్పమంటాను. చెప్పలేకపోతే తొందరపెట్టను. మొన్న ఒకావిడ గంటసేపు కూర్చుని, చెప్పకుండానే లేచి వెళ్లిపోయింది. రేపు వస్తానంది.

ప్రత్యేక కోర్టు నుంచి సమన్లు పోయిన వారం వచ్చాయి. సాక్ష్యం వచ్చే నెల. బాపు కాగితం తిప్పి చూసి "జడ్జి ముంగట గూడ అనాల్నా?" అని అడిగాడు. అనాలి బాపు అన్నాను. ఇదే ఆఖరా అని అడిగాడు. అవతలి లాయర్ మళ్లీ అడుగుతాడని ఇంకా చెప్పలేదు.